ఉద్యోగము, ఇల్లు, విశ్వాసము

(చోడవరము సంఘములో కుటుంబముల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు విషయము కూడ పెద్దలే నిర్ణయించి ఇచ్చారు. “మీరు ప్రభుత్వోద్యోగము మానివేసి, స్వంత పని చేసుకొంటూ, ఇంటిని చూచుకొని, సంఘములో పరిచర్య చేశారు గదా. ఆ సంగతి చెప్పండి, పిల్లలకు ప్రోత్సాహముగా ఉంటుంది” అన్నారు. ప్రోత్సాహము సంగతి నాకు తెలియదు. నేను ఉద్యోగము మానిన మాట నిజము. అయితే ఆ సంగతి సాక్ష్యముగా ఎన్నిసార్లు చెప్పానో అన్నిసార్లు సగమే చెప్పాను. ఈ ప్రసంగమును మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికలో అచ్చు వేస్తామన్నారు. మాటైతే గాలికి పోతుంది, అచ్చు నిలుస్తుంది. అందుచేత మిగిలిన సగము కూడ ఇప్పుడు చెప్పవలసి యున్నది.

మన ఇండ్లలో సర్కారు ఉద్యోగమంటే ఏమిటో ముందు చెప్పుకొందాము. మా నాయన చెరకు తోటలలో కూలికి వెళ్ళినవాడు. మా అమ్మ నాట్లకు వెళ్ళేది. నాకు 1979లో ఉద్యోగము వచ్చిననాడు మా వీధి అంతటికి వచ్చినట్లే అయినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులమైన మనకు షెడ్యూల్డు కులముల వసతులు లేవు. ఆ కులములనుండి క్రైస్తవులైన వారిని మన రాష్ట్రములో బి.సి. ‘సి’ గుంపులో చేర్చారు, ఆ గుంపుకు ఉన్నది నూటికి ఒక్క ఉద్యోగము. ఆ ఒక్కటిలో దొరికినది నాది. మొదటి జీతము తెచ్చి అమ్మ చేతిలో పెడితే, ఆమె దానిని లెక్కపెట్టలేదు. లెక్క రాదు. బైబిలు సంచిలో పెట్టి, దశమభాగము నన్నే తీయమన్నది. అట్టి ఉద్యోగమును వదలిపెట్టడమంటే ఒక మనిషి తన కుర్చీ వదలినట్లు కాదు. ఆ కుర్చీ క్రింద ఎంతమంది కూర్చున్నారో వారందరూ లేవవలసి వస్తుంది.

నేను పనిచేసిన శాఖ పేరు చెప్పను. ఆ శాఖ నాకు ఏ అన్యాయమూ చేయలేదు, కనుక ఆ పేరుతో పని లేదు. 1995లో మా అమ్మకు పక్షవాతము వచ్చి కుడి ప్రక్క పడిపోయింది. ఆ మరుసటి సంవత్సరమే నాకు పాడేరుకు బదిలీ అయినది. మాడుగుల దాటి ఘాటు రోడ్డెక్కే బస్సులో సోమవారము వేకువనే వెళ్ళి, శనివారము రాత్రికి దిగేవాడిని. వారములో ఆరు దినములు అమ్మను త్రిప్పి పడుకోబెట్టడము, స్నానము చేయించడము, ఇద్దరు పిల్లలను బడికి పంపడము, అన్నీ మా ఇంటామె ఒక్కతే. శనివారము రాత్రి నేను వచ్చేసరికి ఆమె కూర్చున్నచోటనే నిద్రపోయి ఉండేది.

1996 చలికాలములో ఒక శుక్రవారము పాడేరులో రాజీనామా వ్రాసి ఇచ్చాను. అప్పటికి నా సర్వీసు 17 సంవత్సరముల 4 నెలలు. శనివారము రాత్రి ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆదివారము ఆరాధనలో సాక్ష్యముల సమయమున లేచి నిలువబడి, “ప్రభువు నన్ను పిలిచాడు, ఉద్యోగము విడిచిపెట్టాను, ఇక నా సమయమంతా ఆయనదే” అన్నాను. సంఘమంతా స్తోత్రము అన్నారు. కొందరు పెద్దలు కన్నీళ్ళు తుడుచుకొన్నారు. ఇంతవరకు మీరందరూ ఎరిగినదే.

ఎరుగనిది ఏమనగా, ఆ మాట మా ఇంటామె కూడ అప్పుడే, ఆడవారి చాపల మీద కూర్చుని, మీతోపాటే మొదటిసారి విన్నది. ఇంటికి వచ్చి నాకు అన్నము వడ్డించింది. నేను తినడము అయ్యేవరకు ఏమీ అనలేదు. తరువాత, “దేవుడు మీతో ఆ మాట చెప్పినప్పుడు నేను ఈ ఇంట్లోనే ఉన్నాను గదండీ. నాకెందుకు వినబడలేదు?” అని అడిగింది. నేను వాక్యము ఎత్తబోయాను. ఆమె కంచము తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

మంచము మీదనుండి మా అమ్మ, మాట సరిగా రాకపోయినా, “మానేసినావేట్రా నాయనా? నా కోసమేనా?” అన్నది. “కాదమ్మా, దేవుని కోసము” అన్నాను. అది అబద్ధము. సంఘము ఎదుట ఒప్పుకొంటున్నాను. మానినది ఆమె కోసమే. అందులో ఆ ఘాటు రోడ్డు బస్సు మీద విసుగు కూడ కొంత ఉన్నది. తల్లి కోసము మానాను అంటే చిన్న మాటగా ఉంటుందనీ, దేవుని కోసము అంటే పెద్ద మాటగా ఉంటుందనీ నాకు తోచింది. మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు కొర్బాను సంగతి చెప్పి పరిసయ్యులను గద్దించిన భాగము మీకు తెలియును. తలిదండ్రులకు ఇయ్యవలసినది దేవునికి అర్పితమని చెప్పి ఎగవేసేవారిని గూర్చి అక్కడ ఉన్నది. నాది దానికి తిరగబడిన కొర్బాను. తల్లికి చేస్తున్నదానికి దేవుని పేరు అతికించి గొప్ప చేసుకొన్నాను. అమ్మకు మాత్రము అది తెలిసినది. “ఊఁ” అని గోడ వైపు తిరిగింది.

ఇక లెక్కలోకి వస్తాను. యౌవనస్థులు ఈ భాగము శ్రద్ధగా వినవలెను. రాజీనామా వేరు, స్వచ్ఛంద పదవీ విరమణ వేరు. ఈ రెండును ఒకటే అని నేను అనుకొన్నాను, పదిహేడేండ్లు ఆఫీసులో ఫైళ్ళు మోసినవాడిని! మన రాష్ట్రపు 1980 నాటి పెన్షను నిబంధనల ప్రకారము 20 సంవత్సరముల అర్హమైన సర్వీసు పూర్తి చేసినవాడు మూడు నెలల నోటీసు ఇచ్చి తనంతట తాను విరమించుకొనవచ్చును. అతనికి పెన్షను ఉంటుంది, అతని తరువాత భార్యకు కుటుంబ పెన్షను ఉంటుంది. రాజీనామా ఇచ్చినవాడికి చేసిన సర్వీసంతా రద్దయిపోతుంది. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. జి.పి.ఎఫ్.లో దాచుకొన్న స్వంత సొమ్ము మాత్రము చేతికి వస్తుంది. నాకు 20 సంవత్సరములకు తక్కువైనది 2 సంవత్సరముల 8 నెలలు.

ఈ సంగతి నాకు ఆరు నెలల తరువాత పాత సహోద్యోగి ఒకాయన బజారులో కనబడి చెప్పాడు. “ఒక్కమాట అడిగి ఉండవలసింది గదా తమ్ముడూ. మిగిలిన సెలవులు వాడుకొని, చాలకపోతే జీతము లేని సెలవు అడిగి, అమ్మగారి సంగతి వ్రాసి బదిలీకి అర్జీ పెట్టి, ఎలాగో లాక్కొని వచ్చేవాళ్ళము” అన్నాడు. అవన్నీ దొరికేవో లేదో నాకు తెలియదు. అడుగలేదు. అడిగితే నా పిలుపు తక్కువైపోతుందని భయము. లూకా పదునాలుగవ అధ్యాయములో గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని ప్రభువే అడుగుతున్నాడు. లెక్క చూచుకొనడము అవిశ్వాసమని ఆయన అనలేదు. అది మనము కల్పించుకొన్నది.

జి.పి.ఎఫ్. సొమ్ము 31 వేలు వచ్చింది. దానికి ప్రోనోటు మీద తెచ్చిన 25 వేలు కలిపి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, వాడిన జిరాక్సు మిషను ఒకటి, టైపు మిషను ఒకటి కొని, బస్టాండు దగ్గర చిన్న గది అద్దెకు తీసుకొన్నాను. వేకువన అమ్మ పని చూచుకొని, పది గంటలకు దుకాణము తీసి, మధ్యాహ్నము మళ్ళీ ఇంటికి వెళ్ళి, సాయంకాలము పిల్లలకు పాఠము చెప్పి, రాత్రి సంఘపు పని చేయవచ్చునని నా పథకము. నా సమయము నా చేతిలో ఉంటుందనుకొన్నాను.

స్వంత పని చేసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. టైలర్లు, ఆటో నడిపేవారు, పాల వ్యాపారము చేసేవారు, ట్యూషన్లు చెప్పే చెల్లెండ్రు. మీకు తెలుసు, సమయము మన చేతిలో ఉండదు, గిరాకీ చేతిలో ఉంటుంది. గోవాడ ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో క్రషింగు మొదలైతే చెరకు రైతులు పాసు పుస్తకముల నకళ్ళ కోసము పొద్దున ఏడు గంటలకే షట్టరు తట్టేవారు. వానాకాలము వస్తే ఈగలు తోలుకొనేవాడిని. కరెంటు పోయిన దినమున ఆదాయము లేదు, వడ్డీకి మాత్రము కరెంటు అవసరము లేదు. ఉద్యోగములో ఉన్నప్పుడు ఆదివారము నాకు సర్కారు ఇచ్చేది, దానిని ఎవరూ ముట్టుకొనేవారు కారు. యజమానిని అయిన తరువాత నా ఆదివారమును నేనే దొంగిలించాను. ఒక మట్టల ఆదివారము, ఏదో పరీక్ష దరఖాస్తులకు ఆఖరు రోజని, పిల్లలు గుంపుగా వచ్చారు. దుకాణము తీసి కూర్చున్నాను. మట్టలు పట్టుకొని పాడుతూ మీరు బజారులోనుండి వెళ్ళినప్పుడు షట్టరు సగము దించుకొని లోపల ఉన్నవాడిని నేనే. ఆ ఊరేగింపులో మా అమ్మాయి ముందు వరుసలో ఉన్నది. దుకాణము వైపు చూడలేదు. చూడకూడదనే చూడలేదని తరువాత చెప్పింది.

ఇల్లు నిజముగా నడిచినది మా ఇంటామె కుట్టు మిషను మీద. నేను ఇంట ఉండి అమ్మను చూచుకొనడము వలన ఆమెకు పగలు నాలుగైదు గంటలు దొరికాయి. ఆ గంటలలో ఆమె జాకెట్లు కుట్టి పిల్లల ఫీజులు కట్టింది. నేను ఉద్యోగము మానుట వలన మా ఇంటికి కలిగిన మేలు ఏదైనా ఉంటే మొదటిది అదే. ఆ మేలు నేను తలపెట్టినది కాదు.

ఇప్పుడు ఒక పెద్దమనిషిని గూర్చి చెప్పవలెను. ఆయన మన అధ్యక్ష మండలమువాడు కాడు, బాప్తిస్టు. మన శతవార్షిక సంచికలో వారి మనిషి ఎందుకని సంపాదకులు అడిగితే, పరలోకములో సంచికలు వేరు వేరుగా అచ్చు వేయరని నా జవాబు. ఒకనాడు బాప్తిస్టు సంఘ పెద్ద ఒకాయన వారి మిషను చరిత్ర పుటలు కొన్ని నకలు తీయించుకొనడానికి నా దుకాణమునకు తెచ్చాడు. మిషను వేడెక్కేవరకు ఊరకే చదువసాగాను. చదివి, ఆయన అనుమతితో నాకూ ఒక నకలు తీసుకొన్నాను.

తోమాస్ గేబ్రియేలు అను తెలుగువాడు నూట యాభై ఏండ్లకు పైబడిన కాలములో తంతి శాఖలో ఉద్యోగి. అప్పటికి తంతి అంటే నేటి కంప్యూటరు వంటిది. కొత్త విద్య, మంచి జీతము, దొరల శాఖ. ఆయన దానిని విడిచి కాకినాడలో సువార్త పని ప్రారంభించాడు. వెనుక పెద్ద మిషను ఏదీ స్థిరముగా నిలువలేదు. తన పోషణకు, పని పోషణకు తోళ్ళ వ్యాపారము చేశాడు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టినట్లే అనుకొన్నాడేమో. వ్యాపారము కలిసి రాలేదు. అప్పుల పాలయ్యాడు. అప్పుడు ఆయన ఏమి చేశాడు? దేవుడు చూచుకొంటాడని మౌనముగా కూర్చోలేదు. రామాయపట్నములో అమెరికను బాప్తిస్టు మిషనులో పనిచేస్తున్న కెనడా దేశస్థులకు తన పరిస్థితి తెలిపి, ఈ పనిని మీరు చేపట్టండని అడిగాడు. జాన్ మెక్‌లారిన్ దొరగారు 1874 మార్చి 12న కాకినాడకు వచ్చి పని అందుకొన్నారు. ఏడాది తిరుగలేదు, 1875 జనవరి 1న గేబ్రియేలు కన్నుమూశాడు.

ఆయన తోళ్ళ దుకాణము నిలువలేదు. ఆయన ప్రారంభించిన పని మాత్రము కాకినాడనుండి ఉత్తర సర్కారులంతటా వ్యాపించింది. సామర్లకోటలో వేదపాఠశాల, మన ప్రక్కనున్న ఎలమంచిలి, నర్సీపట్నములలో సంఘములు, ఎన్నో బడులు, ఆసుపత్రులు. ఆ చరిత్రలలో మెక్‌లారిన్ గారికి పుటలున్నవి, గేబ్రియేలుకు పేరాలున్నవి. అది సహజమే. కాని నన్ను పట్టి నిలిపినది ఆయన ఉద్యోగము మానిన ధైర్యము కాదు. అంతపాటి ధైర్యము నాకూ వచ్చింది, ఒక శుక్రవారము మధ్యాహ్నము చాలినది. అప్పుపడ్డానని, ఒక్కడిని మోయలేనని పైవారికి చెప్పుకొన్న ధైర్యము నాకు రాలేదు. నా ప్రోనోటు సంగతి మా ఇంటామెకు మూడేండ్లు చెప్పలేదు. అసలులో ఒక్క రూపాయి తీరలేదు, వడ్డీయే 18 వేలు కట్టాను. ఒకనాడు అప్పిచ్చినాయన ఇంటికి వచ్చి అడిగితే ఆమెకు తెలిసింది. ఆ రాత్రి నేను ఆ నకలు పుటలు తీసి ఆమెకు చదివి వినిపించాను. “ఆయనకు భార్య ఉన్నదా? ఆమె సంగతి వ్రాశారా?” అని అడిగింది. నా దగ్గర ఉన్న పుటలలో లేదు.

మరునాడు ఆమె తన చీటీ పాడి అసలు తీర్చివేసింది. నోటు చింపుతూ నన్ను ఏమీ అనలేదు. అంతకన్న ఏమైనా అంటే బాగుండేది.

గేబ్రియేలు విడిచిపెట్టిన ఆ తంతి సంగతి కూడ చూడండి. మన దేశములో టెలిగ్రాము 2013 జులైలో ఆగిపోయింది. టెలిఫోను శాఖ 2000 అక్టోబరులో బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. 2020 జనవరి 31న ఒక్క దినముననే అందులో 78 వేలమందికి పైగా స్వచ్ఛంద విరమణ పొందారు. అది లెక్క చూచుకొని తీసుకొన్న విరమణ, నాది వంటి రాజీనామా కాదు. నేను చెప్పేదేమంటే, స్థిరమైన ఉద్యోగమని మనము అంటున్న దానిలో స్థిరము కొంత మన ఊహ. అలాగని అస్థిరమైనదంతా విశ్వాసము కాదు.

మా అమ్మ 2001లో ప్రభువునందు నిద్రించింది. ఆ అయిదేండ్లలో నేను ఆమెకు చేసినది చెప్పుకొనదగిన పని కాదు. దుప్పట్లు ఉతికాను, గంజి త్రాగించాను, వీపుకు పౌడరు వేశాను. పుండ్లు పడనీయలేదు. దానికి మాత్రము నేను గర్వపడతాను, క్షమించండి. ఒక రాత్రి ఆమె పడక మార్చుతూ ఉంటే, “నాయనా, ఆ రోజు దేవుని కోసమన్నావు, గుర్తుందా?” అన్నది. గుర్తుందన్నాను. “మరి ఇదెవరి కోసము?” అన్నది. “నీ కోసమేనమ్మా.” ఆమె నవ్వింది. పక్షవాతము మూతి కనుక నవ్వు ఒక ప్రక్కకే వచ్చింది.

ఉద్యోగము మానినందుకు నాకు దుఃఖము లేదు. మానిన విధానమునకు ఉన్నది. నాతో చేరినవారికి ఒకటవ తేదీన పెన్షను పడుతుంది. వారు బ్యాంకు దగ్గర నన్ను చూచి, నీకెంత అని అడుగరు, మర్యాదస్థులు. మా అబ్బాయి కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట ‘రిటైర్డు ప్రభుత్వోద్యోగి’ అని వ్రాశాడు. నా దుకాణములోనే నకలు తీస్తూ చూచాను. దిద్దమని చెప్పలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. రెండు వారముల క్రిందట ఒక యువకుడు నా దుకాణమునకు వచ్చాడు. మన సంఘస్థుడు కాడు, కనుక ఎవరా అని చుట్టూ చూడవద్దు. ఇప్పుడు కంప్యూటరు మీద ఒక కుర్రవాడు కూర్చుంటాడు, నేను బయట కుర్చీలో ఉంటాను. ఆ యువకుడు చేతితో వ్రాసిన కాగితము ఇచ్చి టైపు చేయమన్నాడు. చూస్తే రాజీనామా. ఇంట్లో నడువలేని బిడ్డ ఉన్నది, తాను దూరములో పనిచేస్తున్నాడు, ఇంటినుండే ఏదైనా పని చేసుకొంటానంటాడు. దేవుడు నడిపిస్తున్నాడని కూడ అన్నాడు. ఆ మాట నేను కాదనలేదు, కాదనడానికి నేనెవరిని?

“సర్వీసు ఎంత బాబూ?” అని అడిగాను. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాడు. అప్పటినుండి చేరినవారికి పాత పెన్షను లేదు, జీతమునుండి నెలనెలా కోత పడే పథకము ఉన్నది. వారి లెక్క నా లెక్క వంటిది కాదు. ఇప్పుడు వదలితే చేతికి ఎంత వస్తుంది, ఎంత అందులోనే ఉండిపోతుంది, కాగితము మీద వ్రాయించుకొని వచ్చావా అన్నాను. లేదన్నాడు. సెలవులు ఎన్ని ఉన్నవి? చూడలేదు. బిడ్డ సంగతి వ్రాసి దగ్గరకు బదిలీ అడిగావా? లేదు. ఇంట్లో చెప్పావా అని అడిగాను. తల వంచుకొన్నాడు.

టైపు చేయలేదు. కాగితము మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు. కోపము వచ్చిందనే అనుకొన్నాను.

మొన్న శనివారము సాయంకాలము మళ్ళీ వచ్చాడు. ఈసారి భార్య కూడ వచ్చింది, బిడ్డను చంకన వేసుకొని. ఆమె చేతిలో లెక్కలు వ్రాసిన నోటు పుస్తకము ఉన్నది. నేను ఇంకొక కుర్చీ వేయించి, ఇంటికి కబురు పంపి మా ఇంటామెను కూడ పిలిపించాను.